నిండిందే, కానీ సొట్టబిందె: ట్యాబ్ బ్యాటరీల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ట్యాబ్ బ్యాటరీల మీదే. ఫోనైతే రెండు మూడేళ్లకు మార్చేస్తాం, ట్యాబ్‌ను అలా మార్చం. పిల్లాడి చదువుకని కొన్నది కొన్నాళ్లకు అమ్మమ్మ సీరియళ్లకి, ఆ తర్వాత వంటింట్లో యూట్యూబ్‌కి చేరుతుంది, అందుకే బ్యాటరీ ముసలితనం అందులోనే బాగా బయటపడుతుంది. అన్నిటికీ జవాబు రాయలేను కాబట్టి ఏడు తీసుకున్నాను. అర్జెంటుది ముందు.

కాకినాడ నుంచి ఒక కిరాణా షాపు యజమాని

ప్రశ్న: బిల్లింగ్ కోసం కౌంటర్ మీద ట్యాబ్ పెట్టాం. రెండేళ్లుగా పొద్దుట్నుంచి రాత్రి దాకా చార్జర్‌కే ఉంటోంది. నెల రోజులుగా స్క్రీన్ ఒక మూల పైకి లేచినట్టుంది, నొక్కితే మళ్లీ కూర్చుంటోంది. బ్యాటరీ హెల్త్ ఎంతుందో చూపించే మంచి యాప్ చెప్పండి.

జవాబు: యాప్ సంగతి తర్వాత, ముందు చార్జర్ పీకేయండి. మూల పైకి లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ, అందులోనూ వేడికి, లోపలి ద్రవం కొంచెం కొంచెంగా విడిపోయి గ్యాస్ తయారవుతుంది. ట్యాబ్‌లో ఉండేది గట్టి డబ్బా కాదు, పల్చటి రేకు సంచీ, కాబట్టి అది పూరీలా పొంగి స్క్రీన్‌ను పైకి నెడుతోంది. మీరు దాన్ని నొక్కి కూర్చోబెడుతున్నారే, అదే అన్నిటికన్నా ప్రమాదం, లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే షార్టై నిప్పంటుకోవచ్చు.

ట్యాబ్ స్విచాఫ్ చేసి, నూనె డబ్బాలకీ అట్టపెట్టెలకీ దూరంగా గచ్చు మీద పెట్టండి. గుచ్చి గాలి తీయొచ్చని ఎవరన్నా చెబితే అస్సలు వినకండి. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, బ్యాటరీ ఉబ్బిందని ముందే చెప్పి తీసుకెళ్లండి. పాత బ్యాటరీని మున్సిపాలిటీ చెత్తబండిలో వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే, కాబట్టి వాళ్లకో, ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకో ఇవ్వండి.

ఇంక ఎందుకిలా అయిందంటారా, రెండేళ్లు 100 శాతం మీదే నిలబెట్టడం ఒక కారణం, కౌంటర్ మీద వేడి ఇంకొకటి. నిండుగా ఉండటం, వేడిగా ఉండటం, ఈ రెండూ కలిసినప్పుడే ఈ బ్యాటరీకి పెద్ద దెబ్బ. కొత్త బ్యాటరీ వేయించాక, 80 దగ్గరో 85 దగ్గరో చార్జింగ్ ఆపే సెట్టింగ్ మీ ట్యాబ్‌లో ఉంటే ఆన్ చేయండి. లేకపోతే షాపు కట్టడానికి రెండు మూడు గంటల ముందే చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, కనీసం రాత్రంతా నిండుగా నిలబడి ఉండదు.

తెనాలి నుంచి ఒక గృహిణి

ప్రశ్న: సార్, మా బాబుకి 8వ తరగతిలో స్కూల్లో ఇచ్చిన ట్యాబ్ ఇది. వాడిప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. మొదట్లో ఒకసారి చార్జింగ్ పెడితే రోజంతా వచ్చేది, ఇప్పుడు మూడు గంటలకే అయిపోతోంది. ఒక్కోసారి 30 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోతోంది, చార్జర్ పెట్టి ఆన్ చేస్తే 4 శాతం అంటుంది. షాపతను తెరిచి కూడా చూడకుండా బ్యాటరీ పోయింది, 1,800 అవుతుంది అన్నాడు. నిజంగా పోయిందో లేదో ఇంట్లో మేమే చూసుకోవచ్చా?

జవాబు: చూసుకోవచ్చమ్మా, కాస్త ఓపిక, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. వాటికి మూడేళ్లు నిండాయి కాబట్టి మీలాంటి ఉత్తరాలు ఇంకా వస్తాయని నాకు తెలుసు. రోజూ వాడిన మూడేళ్ల బ్యాటరీ కొంత తగ్గి ఉంటుంది, అది సహజం. ఎంత తగ్గిందన్నదే ప్రశ్న.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఇది తెలియక చాలామంది తికమకపడుతుంటారు. ట్యాబ్ చూపించే 100 శాతం కొన్నప్పటి 100 శాతం కాదు. పది లీటర్ల బిందె సొట్టలు పడి ఏడు లీటర్లే పట్టేట్టయినా, అంచు దాకా నీళ్లుంటే నిండిందనే అంటాం కదా, ఇదీ అంతే. పైన కనిపించే శాతం బిందెలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చెబుతుంది. బ్యాటరీ హెల్త్ అంటే ఆ బిందెలో ఇప్పుడు మొత్తం ఎన్ని లీటర్లు పడుతున్నాయన్నది. మొదటిది ట్యాబ్ ఎప్పుడూ చూపిస్తుంది, రెండోది చాలా ట్యాబ్‌లు చూపించవు, మనమే కొలుచుకోవాలి.

కొలిచే ముందు, బిందె బాగానే ఉండి నీళ్లు ఎవరన్నా తోడేస్తున్నారేమో చూడండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ అని ఉంటుంది, అందులో ఏ యాప్ ఎంత తింటోందో లిస్టు వస్తుంది. బాబు తెరవని యాప్ ఏదైనా పైన కూర్చుని ఉంటే దొంగ అదే. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఉండటం, వైఫై అందీ అందని మూల గదిలో కూర్చుని వీడియో పాఠాలు చూడటం, ఇవి కూడా గట్టిగానే తింటాయి. ఇవేవీ కాదని తేలాక కొలత మొదలుపెట్టండి.

మొదటి పద్ధతికి ఏ యాప్ అక్కర్లేదు. గంటకు పైగా ఉండే వీడియో ఒకటి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ట్యాబ్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్రైట్‌నెస్ సగానికి, సౌండ్ కూడా సగానికి పెట్టండి. 90 శాతం దగ్గర మొదలుపెట్టి సరిగ్గా గంట ఆడనివ్వండి, ఎంత పడిందో రాసుకోండి (100 దగ్గర మొదలుపెట్టకండి, కొన్ని ట్యాబ్‌లు కాసేపు 100 మీదే నిలబడి తర్వాత గబగబా పడతాయి). మరోసారి 50 దగ్గర మొదలుపెట్టి అదే వీడియో, అదే గంట. మొదటిసారి 90 నుంచి 78కి వచ్చిందనుకోండి, గంటకు 12, అంటే మొత్తం ఎనిమిది గంటల పైచిలుకు వస్తుంది, బ్యాటరీకి పెద్దగా ఏమీ కాలేదు, తినేది ఇంకేదో ఉంది. గంటకు 25 పడితే షాపతను చూడకుండా చెప్పినా సరిగ్గానే చెప్పాడు. ఈ రెండు కొలతల మధ్య పెద్ద తేడా ఉంటే, అంటే పైన 12 పడి, కింద 22 పడితే, శాతం చూపించే లెక్కే తప్పుతోందని అనుమానించాలి. కంపెనీ ఇన్ని గంటలు వస్తుందని రాసిన అంకెతో పోల్చుకోవచ్చు, కానీ అది వాళ్ల లాబ్‌లో తీసిన లెక్క, నిమిషాలతో సహా రావాలని పట్టుబట్టకండి.

రెండో పద్ధతి చార్జింగ్ లెక్క. ఆక్యుబ్యాటరీ లాంటి యాప్‌లు చేసేది ఇదే, చార్జింగ్ పెట్టినప్పుడు లోపలికి ఎంత వెళ్లిందో మిల్లీ యాంపియర్ అవర్లలో, అంటే ఎంఏహెచ్‌లో (బిందెకు లీటర్లలాగా బ్యాటరీకి ఇది కొలత) కూడుతూ పోతాయి. ఉదాహరణకు కొత్తలో 5,100 ఎంఏహెచ్ ఉన్న ట్యాబ్‌ను 20 నుంచి 80 దాకా ఎక్కిస్తే 2,448 లోపలికి వెళ్లిందని యాప్ చూపించిందనుకోండి. 60 శాతానికి 2,448 అయితే నూటికి 4,080. 5,100లో 4,080 అంటే 80 శాతం, అదే బ్యాటరీ హెల్త్. మీ ట్యాబ్ అసలు ఎంఏహెచ్ ఎంతో మోడల్ నంబరుతో నెట్‌లో వెతికితే దొరుకుతుంది, మోడల్ నంబరు సెట్టింగ్స్ చివర అబౌట్ ట్యాబ్లెట్‌లో ఉంటుంది. ఒక్కసారి వచ్చిన అంకెను నమ్మకండి. స్క్రీన్ ఆఫ్ చేసి, అయిదారు సార్లు ఎక్కించి, సగటు చూడండి. ఒకరోజు 84, ఇంకోరోజు 77 రావడం మామూలే. 70 నుంచి 80 దాకా మాత్రమే ఎక్కించి వచ్చిన అంకెకైతే విలువే లేదు.

ఇక 30 దగ్గర ఠక్కున ఆగిపోవడం. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, శాతం చూపించే లెక్క దారి తప్పడం. బ్యాటరీలో ఎంత మిగిలిందో ట్యాబ్ లోపలికి తొంగిచూసి చెప్పదు, వెళ్లినదీ వచ్చినదీ కూడుతూ తీసేస్తూ అంచనా వేస్తుంది. ఏళ్ల తరబడి సగం సగం చార్జింగ్‌లతో ఆ చిట్టా పద్దులు తేడా వస్తాయి. దీనికి ఒకసారి పూర్తిగా 100 దాకా ఎక్కించి, మరో గంట అలాగే ఉంచి, తర్వాత దానంతటదే ఆగిపోయేదాకా వాడి, మళ్లీ మధ్యలో తీయకుండా 100 దాకా ఎక్కించండి. చిట్టా సరిపోతుంది. బ్యాటరీ మాత్రం ఏమీ బాగుపడదు, లెక్కే బాగుపడుతుంది. దీన్ని నెలనెలా వ్రతంలా చేయకండి, పూర్తిగా ఖాళీ చేయడం బ్యాటరీకి మంచిది కాదు.

అది చేశాక కూడా 30 దగ్గరే ఆగిపోతోందంటే రెండో కారణం, లోపలి నిరోధం, అంటే కరెంటుకు అడ్డు, పెరిగింది. ముసలి ఎద్దు చదును దారిలో బండి బాగానే లాగుతుంది, గట్టు ఎక్కాల్సి వస్తే మోకాళ్ల మీద కూలబడుతుంది. అలాగే మామూలుగా చదువుకునేటప్పుడు సరిపోయే బ్యాటరీ, వీడియో, కెమెరా లాంటి బరువైన పని పడగానే ఓల్టేజీ పడిపోయి ట్యాబ్‌ను ఆపేస్తుంది. దీనికి మందు లేదు, మార్చాల్సిందే.

మార్చాలా వద్దా అన్నదానికి నా లెక్క వేరు. 80 శాతం కిందకొస్తే మార్చాలని లోకం మాట, కానీ బాబు చదువుకునే బల్ల పక్కనే ప్లగ్గు ఉంటే 65 శాతం ఉన్నా ఇంకో ఏడాది లాగొచ్చు, ఆ డబ్బుతో పుస్తకాలొస్తాయి. ఆన్‌లైన్ టెస్టు మధ్యలో ఆగిపోతుంటే మాత్రం హెల్త్ 85 ఉన్నా మార్చండి. మార్చేటప్పుడు వేయబోయే బ్యాటరీని చేతిలోకి తీసుకుని దాని మీద తయారీ తేదీ చూడండి, ఎవరూ వాడకపోయినా ఈ బ్యాటరీలు అరలో కూర్చునే ముసలివైపోతాయి. ఎన్ని నెలలు గ్యారంటీ ఇస్తాడో బిల్లు మీద రాయించుకోండి. పాతది మీకు చూపించమనండి.

వరంగల్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ట్యాబ్‌కు ఆదేశాలిచ్చే ఏడీబీ అనే టూల్‌లో, బ్యాటరీ వివరాల లిస్టు చూపించే డంప్‌సిస్ బ్యాటరీ అనే కమాండ్ కొట్టి చూశాను. హెల్త్ 2 అని వచ్చింది, అంటే గుడ్ అట. కానీ బ్యాకప్ సగానికి పడిపోయింది. ఫోన్లో బ్యాటరీ వివరాల కోసం డయల్ చేసే *#*#4636#*#* కోడ్ ట్యాబ్‌లో కొడదామంటే డయలరే లేదు!

జవాబు: వైఫై ట్యాబ్‌కు డయలర్ ఎక్కడిది బాబూ. ఉన్నా అందులో కనిపించేది కూడా ఈ గుడ్ అనే మాటే. ఆండ్రాయిడ్‌లో 2 అంటే గుడ్, 3 అంటే వేడెక్కింది, 4 అంటే చచ్చింది, 5 అంటే ఓల్టేజీ ఎక్కువైంది, 7 అంటే మరీ చల్లబడింది. అంటే ఆ క్షణంలో ప్రమాదం ఏమన్నా ఉందా అని మాత్రమే అది చెబుతుంది, ఎంత ముసలిదైందో చెప్పదు. జ్వరం లేదని చెప్పే థర్మామీటర్‌ను పట్టుకుని వయసెంత అని అడిగినట్టు.

అదే లిస్టులో నీకు పనికొచ్చే లైన్లు వేరే ఉన్నాయి. టెంపరేచర్ దగ్గర 342 అని ఉంటే 34.2 డిగ్రీలని. చార్జ్ కౌంటర్ అని ఒకటి ఉంటుంది, అది మైక్రో యాంపియర్ అవర్లలో ఉంటుంది, వెయ్యితో భాగిస్తే ఎంఏహెచ్. లెవెల్ 80 ఉన్నప్పుడు చార్జ్ కౌంటర్ 3264000 ఉందనుకో, 3,264ని 0.8తో భాగిస్తే 4,080. పైన తెనాలి అమ్మగారికి చెప్పిన లెక్కే, చార్జింగ్ కోసం ఎదురుచూడకుండా ఒక్క నిమిషంలో వచ్చింది.

ఇక్కడొక మెలిక ఉంది చూసుకో. కొన్ని ట్యాబ్‌లలో ఆ కౌంటర్ నిజంగా కొలిచింది కాదు, కంపెనీ రాసిన అంకెను శాతంతో గుణించి చూపిస్తాయంతే. పట్టుకోవడం తేలిక, 90, 60, 30 దగ్గర మూడుసార్లు లెక్క వేయి. ప్రతిసారీ జవాబు కొత్త ట్యాబ్ అంకెకు ఒక్క ఎంఏహెచ్ తేడా లేకుండా సరిపోయిందంటే అది కొలత కాదు, కాపీ. నిజంగా కొలిచేదైతే మూడు జవాబులూ కాస్తో కూస్తో తేడాగా వస్తాయి. తేడా ఉన్న అంకెనే నమ్ము.

పాల్వంచ నుంచి రిటైరైన ఒక విద్యుత్ శాఖ ఇంజనీరు

ప్రశ్న: యాప్‌ల మీద నాకు నమ్మకం లేదు. ఎంత చార్జింగ్ వెళ్లిందో కొలిచే యూఎస్‌బీ మీటర్ కొని చార్జర్‌కీ ట్యాబ్‌కీ మధ్య పెట్టి, సున్నా నుంచి 100 దాకా ఎక్కించాను. మీటర్ 5,200 ఎంఏహెచ్ చూపించింది. ట్యాబ్ బ్యాటరీ 7,040. అంటే 74 శాతమే మిగిలినట్టు. మూడేళ్లకే ఇంతా?

జవాబు: అయ్యా, మీ ముందు నేను లెక్కలు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే, కానీ ఇక్కడ ఓల్టేజీ మర్చిపోయారు. మీటర్ కొలిచింది 5 ఓల్టుల వైపు. బ్యాటరీ మీద రాసిన 7,040 అన్నది దాదాపు 3.85 ఓల్టుల వైపు. ట్రాన్స్‌ఫార్మర్‌కి అటువైపు యాంపియర్లను ఇటువైపు యాంపియర్లతో పోల్చినట్టయింది. రెండిటినీ వాట్ అవర్లలోకి, అంటే ఓల్టేజీ కూడా కలిసిన శక్తి లెక్కలోకి, మార్చండి.

లోపలికి వెళ్లింది 5.2ని 5తో గుణిస్తే 26 వాట్ అవర్లు. కొత్త బ్యాటరీ సామర్థ్యం 7.04ని 3.85తో గుణిస్తే సుమారు 27.1. వెళ్లిన 26లో అంతా బ్యాటరీలో చేరదు, కేబుల్లో, చార్జింగ్ సర్క్యూట్లో కొంత వేడిగా పోతుంది. నష్టం 15 శాతం అనుకుంటే చేరింది 22.1, అంటే హెల్త్ 81, 82. పది శాతమే అనుకుంటే 23.4, అంటే 86. మీ ట్యాబ్ 74 కాదు, 80కీ 86కీ మధ్య ఎక్కడో ఉంది. మూడేళ్లకు నాకైతే బాగానే ఉన్నట్టు లెక్క.

ఇంకో మాట. ఫాస్ట్ చార్జర్ వాడితే ఓల్టేజీ 9కి పోవచ్చు, అప్పుడు 5తో గుణిస్తే మళ్లీ తప్పు. మీటర్‌లో వాట్ అవర్లే చూపించే పేజీ ఉంటుంది, అదే రాసుకోండి, ఈ గొడవే ఉండదు. ట్యాబ్ స్విచాఫ్ చేసి ఎక్కించారా లేదా అన్నది మీరు రాయలేదు, ఆన్‌లో ఉంటే స్క్రీన్ తిన్నది కూడా ఈ లెక్కలో కలిసిపోయి ఉంటుంది. నష్టం ఎంతో కచ్చితంగా తెలియకపోయినా, అదే చార్జర్, అదే కేబుల్, అదే మీటర్‌తో ఆరు నెలలకోసారి కొలిస్తే తగ్గుదల మాత్రం కచ్చితంగా తెలుస్తుంది. మీలాంటివాళ్లకి అదో కాలక్షేపం కూడా.

హైదరాబాద్ నుంచి ఒక ఉద్యోగిని

ప్రశ్న: పాప బొమ్మలు వేసుకోవడానికి సెకండ్‌హ్యాండ్ ఐప్యాడ్ తొమ్మిదో తరం కొందామని జగదీశ్ మార్కెట్‌కు వెళ్తున్నాను. ఐఫోన్‌లో లాగా బ్యాటరీ హెల్త్ శాతం చూసి తీసుకోవచ్చా?

జవాబు: ఆ మెనూ ఈ ఐప్యాడ్‌లో ఉండదు. ఐఫోన్‌కు 2018లోనే ఇచ్చారు, ఐప్యాడ్‌కు మాత్రం 2024లో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రో, ఎం2 ఐప్యాడ్ ఎయిర్‌తో మొదలుపెట్టారు. తొమ్మిదో తరం 2021ది. అమ్మేవాడు హెల్త్ 95 ఉంది మేడమ్ అంటే ఎక్కడ చూశావు బాబూ అని అడగండి.

దొడ్డిదారి ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో అనలిటిక్స్ అండ్ ఇంప్రూవ్‌మెంట్స్, అందులో అనలిటిక్స్ డేటా. తేదీలతో బోలెడు ఫైళ్లుంటాయి, అనలిటిక్స్ అని మొదలయ్యే వాటిలో మ్యాగ్జిమమ్ కెపాసిటీ పర్సెంట్, సైకిల్ కౌంట్ అనే మాటలు వెతకాలి. కానీ అమ్మకానికి పెట్టినది రీసెట్ చేసి ఉంటుంది కాబట్టి అక్కడ ఫైళ్లే ఉండకపోవచ్చు. మ్యాక్ (ఆపిల్ కంప్యూటర్) ఉన్న స్నేహితురాలు ఎవరన్నా ఉంటే వెంట తీసుకెళ్లండి. కోకోనట్ బ్యాటరీ అనే ప్రోగ్రామ్ వేసి కేబుల్‌తో కలిపితే సైకిళ్లు, ఇప్పటి కెపాసిటీ, కొత్తలోని కెపాసిటీ మూడూ వస్తాయి.

సైకిల్ అంటే ఎన్నిసార్లు చార్జింగ్ పెట్టారన్నది కాదు. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండు రోజులకు కలిపి ఒక సైకిల్. వెయ్యి సైకిళ్లకు 80 శాతం మిగిలేలా ఐప్యాడ్ బ్యాటరీలు తయారుచేశామని ఆపిల్ చెబుతుంది, అందుకని 300, 400 చూసి కంగారుపడకండి. 2021 నాటి ఐప్యాడ్‌లో పన్నెండు సైకిళ్లే కనిపిస్తే అప్పుడు కంగారుపడండి. ఏళ్లపాటు పెట్టెలో పడి ఉందో, బ్యాటరీ బయట మార్పించారో అడిగి తేల్చుకోవాలి.

మ్యాక్ దొరక్కపోతే కౌంటర్ దగ్గరే అరగంట కూర్చోండి, టీ తాగుతూ. బ్రైట్‌నెస్ సగానికి పెట్టి వీడియో ఆడించండి. ఈ మోడల్‌కు వైఫై మీద వెబ్, వీడియో పది గంటల దాకా అని కంపెనీ మాట, అంటే అరగంటకు 5 శాతం పడాలి. 6, 7 పడినా ఫర్వాలేదు. 10 పడితే బేరం ఆపేయండి, లేదా కొత్త బ్యాటరీ ఖర్చు తగ్గించి అడగండి. చివరగా, ఐప్యాడ్‌ను కంటికి సమానంగా ఎత్తి పక్క నుంచి చూడండి, గాజుకీ అంచుకీ మధ్య ఎక్కడన్నా సందు కనిపిస్తే అంకెలు ఎంత బాగున్నా వద్దు. కాకినాడ ఉత్తరం ఇంకోసారి చదవండి.

అమెరికా, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు

ప్రశ్న: నాన్నగారు ఒంగోలులో ఒక్కరే ఉంటారు. వీడియో కాల్స్ కోసం శాంసంగ్ ట్యాబ్ కొనిచ్చాను. ఆయన దాన్ని స్టాండ్‌కు పెట్టి చార్జర్ తీయరు, తీస్తే కాల్ మధ్యలో ఆగిపోతుందని భయం. ఇక్కడి నుంచి దాని బ్యాటరీ ఎలా ఉందో ఎలా తెలుసుకోను? సెట్టింగ్స్‌లోకి వెళ్లమంటే ఆయనకు చిరాకు.

జవాబు: ఆయన్ని సెట్టింగ్స్‌లోకి పంపొద్దు. మీకు శనివారం రాత్రి, ఆయనకు ఆదివారం పొద్దున, ఎలాగూ కాల్ చేస్తారు కదా, ఆ కాలే మీ టెస్ట్. నాన్నగారూ, ఇవాళ చార్జర్ తీసి మాట్లాడుకుందాం, పైన కుడివైపు మూల అంకె ఎంతుందో చెప్పండి అనండి. కబుర్లయ్యాక మళ్లీ అడగండి. రెండు అంకెలూ, ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాసుకోండి. వీడియో కాల్ అంటే కెమెరా, స్క్రీన్, వైఫై మూడూ పనిచేస్తాయి, బ్యాటరీకి మంచి పరీక్ష. నాలుగు వారాలకు గంటకు ఎంత పడుతోందో ఒక సగటు వస్తుంది, ఆరు నెలల తర్వాత అదే సగటు మళ్లీ తీసి పక్కపక్కన పెట్టండి. పైగా గంట కాల్‌కి ఎంత పడుతుందో కళ్లారా చూస్తే ఆయన భయం కూడా పోతుంది.

మీరో, తమ్ముడో ఈసారి ఊరెళ్లినప్పుడు బ్యాటరీ సెట్టింగ్స్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ ఆన్ చేసి రండి. పాత శాంసంగ్ ట్యాబ్‌లలో అయితే 85 దగ్గర, కొత్త వాటిలో మ్యాగ్జిమమ్ అని ఎంచుకుంటే 80 దగ్గర చార్జింగ్ ఆగుతుంది. ఆ తర్వాత ఆయన చార్జర్ తీయకపోయినా పెద్ద నష్టం లేదు. అయితే 100 ఎందుకు రావట్లేదని కంగారుపడి వీధి చివరి షాపుకు తీసుకెళ్లకుండా ముందే చెప్పి ఉంచండి. స్టాండ్ కిటికీ పక్కన ఉంటే జరిపించండి. ఇలాంటి పరికరాలను 35 డిగ్రీల లోపు వాడమంటారు, మే నెలలో ఒంగోలులో అది మాటలా!

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

ప్రశ్న: బ్యాటరీ రిపేర్ అని ఒక యాప్ వేశాను. పది నిమిషాలు స్కాన్ చేసి సెల్స్ బాగుచేశాం, హెల్త్ 71 నుంచి 96 అయింది అంది. బ్యాకప్ మాత్రం అంతే ఉంది. ట్యాబ్‌ను ఓ రాత్రి డీప్ ఫ్రిజ్‌లో పెడితే బ్యాటరీ మళ్లీ కొత్తదవుతుందని ఒకరన్నారు, నిజమేనా?

జవాబు: రెండూ కాదు. బ్యాటరీ తగ్గడమంటే లోపల జరిగే రసాయనం. ప్రతి చార్జింగ్‌తోనూ కొంచెం లిథియం ఒక ఎలక్ట్రోడ్ మీద పొరగా పేరుకుని అక్కడే ఇరుక్కుపోతుంది, కాఫీ గిన్నె అడుగున మరకలాగా. ఇరుక్కున్నది ఇక తిరిగి పనికి రాదు. దాన్ని స్క్రీన్ మీద గిరగిరా తిరిగే చక్రం ఎలా కడుగుతుంది చెప్పండి? మీ యాప్ మార్చింది తన స్క్రీన్ మీద అంకెను.

ఫ్రిజ్ సంగతైతే, బయటికి తీయగానే చల్లటి గాజు మీద, లోపలి సర్క్యూట్ మీద చెమట పడుతుంది, బాగున్న ట్యాబ్ కూడా పాడవుతుంది. గడ్డకట్టేంత చలిలో ఉన్నదాన్ని తీసిన వెంటనే చార్జింగ్ పెడితే బ్యాటరీకి ఇంకో దెబ్బ. కొన్నాళ్లు వాడకుండా దాచాలంటే సగం చార్జింగ్‌తో స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టండి, ఆరు నెలలకోసారి తీసి మళ్లీ సగం దాకా ఎక్కించండి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఆ రిపేర్ యాప్ మాత్రం ఇవాళే తీసేయండి. వెనకాల ప్రకటనలు దింపుకుంటూ అది తినే చార్జింగ్ మిగిలితే మీ బ్యాకప్ నిజంగానే ఓ పది నిమిషాలు పెరగొచ్చు.